సర్వేయర్ గారి ఆదివారాలు

లేడీస్ హాస్టల్, రెండో అంతస్తు
జనవరి 6

ఒరేయ్ తమ్ముడూ,

ఉత్తరమేమిటి, అక్క ఫోన్ పోగొట్టుకుందా అని కంగారు పడకు. ఫోన్ నా పక్కనే ఉంది. మనిద్దరం ఫోన్లో మాట్లాడితే మూడో నిమిషానికి నువ్వు "సరేలే అక్కా, నువ్వు చదువుకున్నదానివి" అంటావు, నాలుగో నిమిషానికి నేను పెట్టేస్తాను. ఈసారి నాకు నీతో పని పడింది. పోట్లాడుకుంటే నాకే నష్టం. అందుకని కాగితం పట్టుకున్నాను.

ఎం.ఏ. కల్చరల్ స్టడీస్‌లో నాకిది ఆఖరి సెమిస్టర్. ఏప్రిల్ నెలాఖరుకి ఎనభై పేజీల ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. థియరీ పేపరు ఒకటి తప్పి, మళ్ళీ రాసి గట్టెక్కిన సంగతి నీకు తెలుసు. ఈ రిపోర్టు కూడా పోయిందంటే ఇంక అవకాశం లేదు, పెట్టె సర్దుకోవడమే. ఇరవై ఎనిమిదేళ్ళు బస్ డిపోలో రిజర్వేషన్ కౌంటర్లో కూర్చుని, యాభై రెండో ఏట ఉద్యోగం వదిలేసి వచ్చినదాన్ని. ఆ రోజు డిపో మేనేజరు "ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరిస్తావమ్మా" అని అందరి ముందూ నవ్వాడు. రేపు ఆ మనిషి ఎదురైతే నేను పక్క సందులోకి తిరగాలా, చెప్పు?

కల్చరల్ స్టడీస్ అంటే ఏమిటని రెండేళ్ళుగా అడుగుతున్నావు. మనుషులు రోజూ చేసే మామూలు పనుల్ని ఆగి, వింతగా చూడటం. ఇక్కడ ప్రతిదీ 'పాఠ్యం'. గోడ మీది క్యాలెండరు పాఠ్యం, నా చేతిసంచీ పాఠ్యం. మొన్న క్లాసులో ఒకమ్మాయి హాస్టల్ బకెట్ల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఎవరి బకెట్ ఎవరు ముట్టుకోరు, ఎందుకు ముట్టుకోరు అని. నవ్వకు. చాలా బాగా మాట్లాడింది.

నా టాపిక్ 'వేచి ఉండటం'. జీవితమంతా క్యూలను అద్దం లోపలినుంచి చూసినదాన్ని కదా, ఈ ఒక్క సంగతీ నాకు తెలుసనుకున్నాను. మా గైడ్ మేడమ్ బస్టాండు వద్దంది, ఇప్పటికే చాలామంది రాసేశారట. (మేడమ్‌కి ముప్పై రెండేళ్ళు. ఆవిడ నన్ను మీరంటుంది, నేను ఆవిడని మీరంటాను, ఇద్దరికీ ఇబ్బందే.) అప్పుడు నీ కటింగ్ షాపులో బెంచీ గుర్తొచ్చింది. మగవాళ్ళ షాపులో నేనొచ్చి కూర్చుంటే ఎవడూ నోరు విప్పడు. కాబట్టి నా కళ్ళూ చెవులూ నువ్వే.

బెంచీ మీద ఎవరు కూర్చున్నారు, ఎంతసేపు, ఏం చేశారు, ఏం మాట్లాడారు, తారీఖు వేసి రాసి పంపు. ఉన్నదున్నట్టు రాయి, నీ కవిత్వం కలపకు. పేర్లు రాయొద్దు, వాళ్ళు చేసే పని రాస్తే చాలు. అది మా చదువులో నియమం. ఇంకో సంగతి, ఎవరికీ చెప్పకు. చూస్తున్నారని తెలిస్తే మనుషులు మారిపోతారు.

మరదలిని అడిగానని చెప్పు.

అక్క


కటింగ్ షాపు, కూరగాయల మార్కెట్ ఎదురు సందు
జనవరి 15

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి కోపం వచ్చింది. మూడోసారి నీ మరదలు గట్టిగా చదివి వినిపిస్తే అర్థమైంది. కటింగ్ కోసం కూర్చున్నవాళ్ళ మీద ఎనభై పేజీలా? నా పెళ్ళికి పిలిచినవాళ్ళ లిస్టే రెండు పేజీలు దాటలేదు కదే!

సరే, నువ్వడిగావు కాబట్టి మొదలుపెట్టాను.

జనవరి 11, ఆదివారం, ఉదయం తొమ్మిది. బెంచీ మీద నలుగురు. బెంచీ ముగ్గురిది. నాలుగోవాడు సగమే కూర్చుంటాడు, మిగతా సగం గాల్లో ఉంటుంది. మందుల షాపాయన తన ఫోన్ చూసుకున్నాడు. బస్ కండక్టరు కూడా మందుల షాపాయన ఫోనే చూశాడు. ట్యూషన్ మాస్టారు వీళ్ళిద్దర్నీ చూసి తలాడించాడు. ఒక్కొక్కరికీ నా కత్తెర ఆడుతుండగానే ముగ్గురూ కలిసి, వచ్చే ఎండాకాలం ఎండలు ఎక్కువగా ఉంటాయని తేల్చారు.

నాలుగోవాడు సర్వేయర్ గారు. పొలాలూ స్థలాలూ కొలిచే ఉద్యోగం చేసి ఆరేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఈయన గురించి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఈయనకి తల మీద ఒక్క వెంట్రుక లేదు. గడ్డం ఇంట్లోనే గీసుకుంటాడు. అయినా ప్రతి ఆదివారం తొమ్మిదింటికి గొడుగు పట్టుకుని వస్తాడు, బెంచీ చివర సగం కూర్చుంటాడు, పదిన్నరకి లేచి వెళ్ళిపోతాడు. "మీ వంతండీ" అంటే "ముందు ఆయనది కానివ్వు" అని పక్కవాణ్ణి చూపిస్తాడు. ఆరేళ్ళుగా ఇదే తంతు. నేనెప్పుడూ అడగలేదు. అడిగితే మానేస్తాడేమోనని.

నీకు పనికొస్తుందా ఇది? పనికిరాకపోతే చెప్పెయ్, నాకు కాగితం మిగులుతుంది.

తమ్ముడు


లేడీస్ హాస్టల్
జనవరి 23

బంగారు తమ్ముడూ,

పనికొస్తుందా అంటావా! సర్వేయర్ గారి ముక్క చదవగానే మా మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. "తన వంతు వచ్చినా వదులుకునే మనిషి! ఏమీ కోరకుండా వేచి ఉండే మనిషి!" అని గదిలో అటూ ఇటూ తిరిగింది. నా రెండేళ్ళ చదువులో ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఇన్నాళ్ళూ నా వ్యాసాల మీద 'ఇంకా లోతుగా' అని ఎర్ర ఇంకుతో రాసి ఇచ్చేది. ఎంత లోతుకి పోవాలో చెప్పేది కాదు.

ఆయన ఎందుకొస్తాడో తెలియాలిరా. నువ్వు అడగొద్దు. ఆయనంతట ఆయనే చెప్పేలా చూడు. నీ కుర్చీలో కూర్చుంటే ఆస్తి తగాదాలు కూడా చెప్పేస్తారు జనం, ఆ విద్య నీకు పుట్టుకతోనే ఉంది.

మేడమ్ ఒక కాగితం ఇచ్చింది. మనం ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళకి చెప్పి సంతకం తీసుకోవాలట. తీసుకుంటాం లెండి అన్నాను. ముందు రాయడం అవనీ, తర్వాత చూద్దాం. ఇప్పుడే సంతకం అంటే ఆ పెద్దమనిషి గొడుగు తీసుకుని పరారవుతాడు.

ఫిబ్రవరి ఇరవైన డిపార్ట్‌మెంటులో సెమినార్. అందరి ముందూ మాట్లాడాలి. కౌంటర్ అద్దం వెనక కూర్చుని "చిల్లర ఇవ్వండి" అనడం తప్ప నేను జనం ముందు మాట్లాడి ఎరగను. త్వరగా రాయి.

అక్క


కటింగ్ షాపు
ఫిబ్రవరి 3

అక్కా,

దొరికింది!

మొన్న ఆదివారం పొద్దున కాలం కాని కాలంలో కుండపోత వాన. షాపులో ఈగ కూడా లేదు. తొమ్మిదింటికి సర్వేయర్ గారు మాత్రం తడిసిన గొడుగుతో వచ్చాడు. బెంచీ అంతా ఖాళీగా ఉన్నా చివరే, సగమే కూర్చున్నాడు. అలవాటైపోయింది పాపం. నేను తువ్వాలు ఇచ్చి, "ఇంత వానలో ఎందుకండీ, ఇంట్లోనే ఉండకపోయారా" అన్నాను. అడగడం కాదిది, మర్యాదకి అన్నాను.

ఆయన తల తుడుచుకున్నాడు. (తుడవడం తేలికే.) "ఇంట్లో మా ఆవిడ పాడుతుందోయ్" అన్నాడు.

"బాగా పాడతారా అండీ?"

ఆయన వీధి వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, "నేను ముప్పై ఏళ్ళు ఎండలో, ముళ్ళల్లో, తగాదా స్థలాల్లో కొలత గొలుసు పట్టుకుని తిరిగాను. రెండు పక్షాలవాళ్ళూ కర్రలు పట్టుకుని నిలబడితే మధ్యలో నిలబడి కొలిచాను. ఎక్కడా వెనక్కి తగ్గలేదు. ఆ పాట ముందు మాత్రం నిలబడలేను" అన్నాడు.

రిటైరైన మొదటి ఆదివారం తొమ్మిదింటికి పక్కగదిలోంచి మొదలైందట. ఏమనాలో తెలియక 'భేష్' అన్నాడట. ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాడు. తర్వాతి ఆదివారం నుంచి గంటన్నర సేపు తలదాచుకోవడానికి మన షాపుకొస్తున్నాడు. "ఎవరితో అనకు" అన్నాడు. నేను అననన్నాను. నీకు రాయడం అనడం కిందికి రాదు కదా?

తమ్ముడు


లేడీస్ హాస్టల్
ఫిబ్రవరి 24

ఒరేయ్,

మీ అక్క ఇప్పుడు మామూలు మనిషి కాదు!

సెమినార్లో మొదటి రెండు నిమిషాలు కాగితంలోంచి తలెత్తలేదు. సర్వేయర్ గారి గొడుగు దగ్గరికి వచ్చేసరికి ముందు వరసలో ఒకరు కిసుక్కుమన్నారు. అంతే, నాకు ధైర్యం వచ్చేసింది. ఆయన కూర్చున్నట్టు కుర్చీ అంచున సగం కూర్చుని చూపించాను. 'భేష్' అన్నది కూడా ఆయన గొంతుతో చెప్పాను. (నేను విన్నానా ఏమన్నానా, ఊహించుకున్నాను.) హాలంతా పడీ పడీ నవ్వింది. చివర్లో 'ప్రేమకీ పారిపోవడానికీ నడుమ ఒక బెంచీ' అని ముగించాను. చప్పట్లు ఆగలేదు.

ఆ బకెట్ల అమ్మాయి అంతా ఫోన్లో రికార్డు చేసి నెట్‌లో పెట్టింది. నాలుగు రోజుల్లో ఎనిమిది వేలమంది చూశారట. మెస్‌లో పిల్లలు 'భేష్ ఆంటీ' అని పలకరిస్తున్నారు. డిపో మేనేజరు కూడా చూసే ఉంటాడు, చూడనీ.

నువ్వేం భయపడకు. ఆయన పేరు ఎక్కడా చెప్పలేదు, ఊరు చెప్పలేదు. నియమం నియమమే. మిగతా నోట్సు పంపు, రిపోర్టుకి ఇంకా నలభై పేజీలు కావాలి.

అక్క


కటింగ్ షాపు
మార్చి 9

అక్కా,

వీడియో చూశాం. చీర బాగుంది.

షాపు మామూలుగా నడుస్తోంది. నోట్సు పంపుతున్నాను.

మార్చి 1. బెంచీ నిండా జనం. కండక్టరు చాలాసేపు కూర్చున్నాడు. మోకాళ్ళ నొప్పులని, మెట్లెక్కలేకపోతున్నానని అన్నాడు. ట్యూషన్ మాస్టారు "గ్యాస్ అయిపోయిందని నాలుగు రోజులనుంచి చెబుతున్నా పట్టించుకునేవాడు లేడు" అన్నాడు.

మార్చి 8. బెంచీ నిండా జనం. మందుల షాపాయన "పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేనొక్కదాన్నే" అని బాధపడ్డాడు. కండక్టరు, మిక్సీ చప్పుడు మారిందన్నాడు.

సర్వేయర్ గారు ఊళ్ళో లేరు. బంధువుల ఇంటికి వెళ్ళినట్టున్నారు.

నువ్వు రిపోర్టు మీద మనసు పెట్టు. ఇక్కడి గురించి ఆలోచించకు.

తమ్ముడు


లేడీస్ హాస్టల్
మార్చి 16

ఏమిట్రా ఇది?

మీసాలున్న మందుల షాపాయన "నేనొక్కదాన్నే" అంటాడా? కండక్టరుకి మిక్సీ ఎందుకు? ఆ మోకాళ్ళు ఎవరివో నాకు తెలియదనుకున్నావా, పోయిన ఏడు ఆ మోకాళ్ళకి మందు తెచ్చింది నేను. ఈ రెండేళ్ళలో నాకేమైనా ఒంటబట్టిందంటే అది ఒక్కటే, రాసినదాన్ని ఎంత శ్రద్ధగా చదవాలో, రాయకుండా వదిలినదాన్ని అంతకంటే శ్రద్ధగా చదవాలి. బెంచీ నిండా జనం అన్నావు. రెండు ఆదివారాల్లో ఒక్కడికైనా కటింగ్ చేసినట్టు రాశావా? జనవరి నోట్సులో పేజీ పేజీకీ కత్తెర ఉంది. మార్చిలో కత్తెర ఎక్కడికి పోయింది?

ఫోన్ చేస్తే "బిజీగా ఉన్నా" అని పెట్టేస్తున్నావు. మేడమ్ సంతకాల కాగితం అడుగుతోంది. నిజం రాయి.

అక్క


ఇంటి దగ్గర నుంచి
మార్చి 20

వదినగారికి,

ఇది నేను రాస్తున్నట్టు మీ తమ్ముడికి తెలియదు. తెలిస్తే నాలుగు రోజులు మాట్లాడరు, అయిదో రోజు ఆకలేసి మాట్లాడతారు. కాబట్టి ఫర్వాలేదు, రాసేస్తున్నాను.

మీ వీడియో చూడని ఫోన్ మా ఊళ్ళో లేదు. పేరు చెప్పలేదన్నారు. వదినా, తల మీద వెంట్రుక లేకుండా ప్రతి ఆదివారం గొడుగు పట్టుకుని కటింగ్ షాపుకెళ్ళే మనుషులు ఊరికి ఎంతమంది ఉంటారనుకున్నారు? మార్కెట్లో ఒకావిడ సర్వేయర్ గారి భార్యని పట్టుకుని "ఈ ఆదివారం కచేరీ ఉందా అండీ" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కూరగాయల సంచీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. సంచీ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. తలుపు సగమే తీసింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో పాట లేదు, మొగుడూ పెళ్ళాల మధ్య మాట కూడా లేదు. సర్వేయర్ గారు ఎక్కడికీ పోలేదు, ఇంట్లోంచి బయటికి రావడంలేదు, అంతే.

షాపుకి ఎవరూ రావడంలేదు. నోరు విప్పితే యూనివర్సిటీకి పోతుందని భయం. ఎదురుగా ఉన్న ఇంకో కటింగ్ షాపులో కూర్చోవడానికి చోటు లేక వీధిలో నిలబడుతున్నారు గానీ మన బెంచీ ఎక్కరు. మీ తమ్ముడు పొద్దున్నే షాపు తీసి, బెంచీ తుడిచి, తనే దాని మీద కూర్చుంటున్నారు. నన్ను పిలిచి "నువ్వు కండక్టరువి, ఏదైనా మాట్లాడు" అంటారు. నాకేం తెలుసు కండక్టరు కష్టాలు? నా కష్టాలే చెప్పాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన నా మోకాళ్ళ గురించి అంత శ్రద్ధగా వినడం, అదీ రాసుకోవడం, ఇదే మొదటిసారి. ఆ వంకన నాకు కొంచెం సంతోషమే అయిందనుకోండి.

"అక్కకి తెలిస్తే అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తుంది, రిపోర్టు ఇచ్చేదాకా నోరు మెదపకు" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. మీ చదువంటే ఆయనకి అంత ఇది. నాకూ ఇష్టమే. కానీ ఆ సర్వేయర్ గారి భార్య మొహం చూసి వచ్చాక, ఊరుకోలేకపోయాను.

మీ మరదలు


లేడీస్ హాస్టల్
మార్చి 27

తమ్ముడూ,

నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందని అడగకు. మరదల్ని ఒక్క మాటన్నావంటే ఊరుకోను.

నువ్వు ఖాళీ బెంచీ మీద కూర్చుని 'బెంచీ నిండా జనం' అని రాశావని తెలిశాక నేను మెస్‌లో కంచం ముందు కూర్చుని ఏడ్చాను. ఎనిమిది వేలమంది చూశారని నేను ఎగిరిగంతులేసిన ఉత్తరం నీకు చేరేసరికి నీ షాపు ఖాళీ అయిపోయింది. నువ్వు మాత్రం 'చీర బాగుంది' అని రాశావు. తిట్టొచ్చు కదరా! ఎప్పుడూ తిట్టేవాడివేగా!

మేడమ్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. సంతకాలు తీసుకోలేదని, మార్చి నోట్సు నీ కల్పన అని. ఆవిడ ఎర్ర పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టింది. తర్వాత, "మీరంటే భయంతో గట్టిగా అడగలేకపోయాను, నా తప్పూ ఉంది" అంది. తప్పు ఆవిడది కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఫారం నింపకుండా ఒక్కడికీ టికెట్ ఇవ్వనిదాన్ని, నా పనికొచ్చేసరికి ఫారం పక్కన పెట్టాను. ఆ బకెట్ల అమ్మాయి వీడియో తీసేసింది. తీసేస్తే ఏం లాభం, చూసినవాళ్ళ కళ్ళలోంచి తీయలేం కదా.

వాళ్ళిద్దరూ ఒప్పుకుని సంతకం పెడితే తప్ప ఆ అధ్యాయం చెల్లదు. అది లేకపోతే నా దగ్గర రిపోర్టు లేదు. నువ్వు మాత్రం వాళ్ళ దగ్గరికెళ్ళి సంతకం ఊసెత్తకు. ఈ కవర్లో ఇంకో ఉత్తరం ఉంది, ఆవిడకి. మరదలి చేత ఇప్పించు. అందులో డిగ్రీ సంగతి ఒక్క ముక్క కూడా లేదు. 'అమ్మా, మిమ్మల్ని ఎప్పుడూ చూడకుండా, ఒక్క మాట అడగకుండా, మీ గురించి చెప్పి నలుగురినీ నవ్వించాను. తప్పు నాది, మీ వారిది కాదు, మా తమ్ముడిది కాదు. నన్ను తిట్టాలనిపిస్తే నా ఫోన్ నంబరు కింద ఉంది' అని రాశాను. నాలుగుసార్లు చించి రాశాను. ఎనభై పేజీల కంటే కష్టమైంది.

అక్క


కటింగ్ షాపు
ఏప్రిల్ 7

అక్కా,

ఇది కల్పన కాదు. నీ మరదలు సాక్షి, కావాలంటే కింద సంతకం పెట్టిస్తాను.

నీ మరదలు సర్వేయర్ గారింట్లో నీ ఉత్తరం ఇచ్చి వచ్చింది. మొన్న ఆదివారం తొమ్మిదింటికి నేను ఖాళీ షాపులో దువ్వెనలు కడుగుతున్నాను, నీ మరదలు తువ్వాళ్ళు మడతపెడుతోంది. అద్దాల తలుపు తోసుకుని సర్వేయర్ గారి భార్య లోపలికొచ్చింది. నా చేతిలో దువ్వెన జారి బకెట్లో పడింది. నీ మరదలు తప్ప ఆడమనిషి ఈ గడప తొక్కడం ఇదే మొదలు.

"ఇదేనా ఆ బెంచీ?" అంది.

"ఇదేనమ్మా."

"మా ఆయన ఎక్కడ కూర్చుంటాడు?"

చివర చూపించాను. ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది. గోడ గడియారం చూసింది. అంతే, ఇంక కదలదు, మెదలదు. నేను కడిగిన దువ్వెనలే మళ్ళీ కడిగాను.

ఎదురు షాపు దగ్గర నిలబడ్డవాళ్ళందరూ ఇటు చూడటం మొదలుపెట్టారు. మొదట కండక్టరు వచ్చాడు, తర్వాత మందుల షాపాయన, ఆ వెనకే ట్యూషన్ మాస్టారు. నెలన్నర తర్వాత బెంచీ నిండింది. ముగ్గురూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"ఇక్కడ ఏం మాట్లాడుకుంటారు?" అని అడిగింది ఆవిడ.

"ఏం లేదండీ" అన్నాడు కండక్టరు.

"ఏం లేనిదానికి ఆరేళ్ళు వచ్చాడా?"

ఇంతలో సర్వేయర్ గారు గొడుగు కూడా లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ కోసం వీధులన్నీ వెతికాడట. ఆవిడ తల తిప్పి ఆయన్ని చూసింది.

"మొదటిసారి మీరు విన్నాక, నాకు ఎవరైనా వింటే సిగ్గని తెలిసి, నాకోసమే ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్నారనుకున్నానండీ" అంది. "ఎంత మంచి మనిషో అనుకునేదాన్ని. మీరు వెళ్ళాకనే కదా నేను గొంతు విప్పేది."

ఆవిడ బెంచీ అంచు చేత్తో తడిమింది.

"ఈ బెంచీ ఇంత ఇరుగ్గా ఉందేమిటి? ఆరేళ్ళు ఇక్కడ సగం కూర్చున్నారా?"

"అవును" అన్నాడాయన.

"బాలేదని చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? ఇన్నేళ్ళలో ఆ పాట తప్ప నువ్వు నన్ను పెట్టిన ఇబ్బంది ఒక్కటీ లేదు."

ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో కాసేపు మాకెవరికీ అంతు పట్టలేదు. రెండూ చేసింది. కండక్టరు కళ్ళు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నాడు. షాపులో దుమ్ము లేదు, పొద్దున్నే నేనే తుడిచాను.

వెళ్తూ వెళ్తూ నన్ను పిలిచి, "మీ అక్క చదువు ఇంకా ఉందా, అయిపోయిందా?" అంది. నువ్వు ఊసెత్తొద్దన్నావు, నేను ఎత్తలేదు. అడిగింది కాబట్టి జవాబు చెప్పాను. "సంతకం పెడతాను. కానీ ఆయన చెప్పిందొక్కటే రాస్తే ఎలా? నేను చెప్పింది కూడా రాయాలి. రాసి ముందు నాకు చదివి వినిపించాలి" అంది. రాసే పని నీది, నేను మాటిచ్చేశాను.

వాళ్ళు వెళ్ళాక ట్యూషన్ మాస్టారు లేచి కుర్చీలో కూర్చున్నాడు. నా కత్తెరకి తుప్పు పట్టలేదు. ఆ మార్చి నోట్సు చించి పారెయ్.

తమ్ముడు


లేడీస్ హాస్టల్
మే 18

తమ్ముడూ,

ఫోన్లో చెబుదామనుకున్నాను. మూడో నిమిషంలో ఏడ్చేస్తానని రాస్తున్నాను.

ఎనభై పేజీలన్నారు, నేనిచ్చింది యాభై మూడు. మార్చి నోట్సు లేవు. నేను చేసిన తప్పు ఒక అధ్యాయంగా రాశాను. సర్వేయర్ గారి భార్యకి ఫోన్లో రెండు గంటలు చదివి వినిపించాను. పదకొండు చోట్ల దిద్దించి, తను సంతకం పెట్టి, మొగుడి చేతా పెట్టించి పంపింది. మా మేడమ్ ఎర్ర ఇంకు ఆవిడ ముందు ఏ మూలకీ చాలదు.

ఇవాళ మౌఖిక పరీక్ష. ఎవరైనా వచ్చి వినొచ్చని బోర్డు పెడతారు, ఎప్పుడూ ఎవరూ రారు. నేను లోపలికెళ్ళేసరికి ఆఖరి వరసలో, తలుపు పక్కనే, సర్వేయర్ గారూ ఆవిడా కూర్చుని ఉన్నారు. పొద్దున్నే బస్సెక్కి వచ్చారట.

పరీక్ష చేయడానికి బయటినుంచి ఒక ప్రొఫెసర్ వచ్చాడు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, "ఆ స్త్రీ పాడటాన్ని ఒక ప్రతిఘటన అనొచ్చా?" అని అడిగాడు. నాకు చదివిందంతా ఒక్కసారి ఆవిరైపోయింది. అనొచ్చంటే ఎందుకంటాడు, అనకూడదంటే ఎందుకంటాడు.

"ఏమైనా అనండి" అంది వెనకనుంచి ఆవిడ. "కానీ ముందు ఒకసారి వినాలి కదండీ!"

మేడమ్ వద్దనేలోపే లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, మొదలుపెట్టింది.

తమ్ముడూ, సర్వేయర్ గారు అబద్ధం చెప్పలేదురా. పల్లవి ఒక దారిన పోతే గొంతు ఇంకో దారిన పోయింది. చరణం దగ్గర రెండూ కలుస్తాయనుకున్నాను, కలవలేదు. ప్రొఫెసర్ పెన్ను కింద పెట్టేశాడు. పరీక్ష కాబట్టి మేమెవరం లేచి పోవడానికి లేదు. నేను మాత్రం సర్వేయర్ గారినే చూస్తున్నాను. తలుపు తీసే ఉంది, ఒక్క అడుగు వేస్తే బయటపడొచ్చు. ఆయన లేవలేదు. రెండు చేతులతో కుర్చీని పట్టుకుని, నిండా వెనక్కి జారి కూర్చుని, చివరిదాకా విన్నాడు. నాకు కళ్ళు మసకబారాయి.

పాట అయ్యాక ప్రొఫెసర్ గొంతు సవరించుకుని, "ఇంక అడగాల్సిందేమీ లేదు" అన్నాడు. పాసయ్యానురా! సెకండ్ క్లాసు. తప్పు చేశానని రాసినందుకు కొన్ని మార్కులు పోయాయట, రాసినందుకే కొన్ని వచ్చాయట. డిపో మేనేజరు ఎదురైతే నేను పక్క సందులోకి తిరగను. అయితే ఎగిరి గంతులూ వెయ్యను.

ఒక మాట చెబుతాను, నవ్వకు. ఈ డిగ్రీలో సగం నీది, ఇంకో సగం మరదలి మోకాళ్ళది. నువ్వు నాకోసం అబద్ధాలు రాశావు, ఆ అబద్ధాలంటే నాకు చాలా ప్రేమ. మళ్ళీ ఎప్పుడూ రాయకు.

బయట వరండాలో ఆవిడ మొగుణ్ణి నిలదీసింది. "ఇప్పుడు చెప్పండి. ఎలా ఉంది? నిజం చెప్పాలి."

ఆయన నా వైపు చూశాడు, మేడమ్ వైపు చూశాడు. "ఘోరంగా ఉంది" అన్నాడు.

"నాకూ తెలుసు" అంది ఆవిడ, ఏ మాత్రం బాధపడకుండా. "అయినా పాడతాను. ఆదివారం మీరు మామూలుగా షాపుకెళ్ళండి."

కాబట్టి వచ్చే ఆదివారం తొమ్మిదింటికి సర్వేయర్ గారు వస్తారు. ఏం మాట్లాడుకున్నారో నాకు మాత్రం రాయకు.

అక్క